ఊయెలయింటి బిడ్డల ఇంటిపేరు

మా వారు బడిలో పిల్లలను జేర్చుకొను దినములలో చేరికల పుస్తకమును సాయంకాలము ఇంటికి దెచ్చుకొని సరిచూచుకొనుట వాడుక. పిల్లపేరు, తండ్రిపేరు, ఇంటిపేరు, పుట్టినతేది యను గళ్ళన్నియు నిండినగాని పైయధికారు లొప్పుకొనరు. ఒక సంవత్సరము ఆ దినములలోనే ఒక అవ్వ ఆరేండ్ల పిల్లను వెంటబెట్టుకొని మా వాకిటికి వచ్చినది. పసికందుగా నున్నప్పుడు సత్రపుటరుగుమీద దొరకిన బిడ్డయట, తానే పెంచుకొన్నదట. ఇంటిపేరు గడిలో నేమి వ్రాయవలెనని మా వారడుగగా, అవ్వ కొంతసేపు నేల చూచుచు నిలిచి, "నా యింటిపేరే వ్రాయండి బాబూ, దానికి నేను గాక ఇంకెవరున్నారు?" అన్నది. మా వారట్లే వ్రాసిరి. అది న్యాయమా కాదా యని ఆ రాత్రి మా యింట కొంత తర్కము జరిగినది. మేము న్యాయమనియే వాదించితిమి.

ఆ వాదమున మాకు తోడువచ్చినవారు పురాణములలోని బిడ్డలు. తల్లి మేనక విడిచిపోగా పక్షులు రెక్కలు గప్పి కాచినందున గదా శకుంతల కా పేరు వచ్చినది! కుంతి పెట్టెలో బెట్టి యేటిలో విడిచిన బిడ్డ, కన్నతల్లి పేరున గాక పెంచినతల్లి రాధ పేరున రాధేయుడైనాడు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ ఇంకను ముచ్చటైనది. నీ గోత్రమేమని గురువడుగగా, తల్లికే తెలియదట యని నిజము చెప్పి, తల్లి పేరునే తనకు గుర్తుగా జెప్పుకొన్నవా డా బాలుడు. ఆ సత్యమునకు మెచ్చియే గౌతముడు వానిని శిష్యునిగా గైకొనెను. జాబాలుడను పేరు తల్లి జబాల యిచ్చిన సొత్తు.

ఈ సంగతి మనసున మెదలుచుండగనే మాకొక పుస్తకము చేతికి వచ్చినది. అందు కాలిఫోర్నియాలో 1884లో కాలముచేసిన యొక వృద్ధ స్త్రీ తన కథ తానే చెప్పుకొన్నది. ఆమె పేరు అపోలినారియా లొరెన్సానా. ఆమె యింటిపేరు మా అవ్వ మనుమరాలి యింటిపేరువలెనే దయతో నిచ్చినది. పుట్టుకతో వచ్చినది కాదు. ఆ పేరు ఎక్కడ పుట్టినది, ఎట్లు సముద్రములు దాటినది, దానిని మోసినవారి కేమి చేసినది యనునది మా సోదరీమణులకు జెప్పవలెనని యీ వ్యాసము.

ముందుగా స్పెయినువారి యింటిపేర్ల పద్ధతి కొంచెము తెలిసికొనవలెను. మనకు పుట్టినింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి. పెండ్లినాటితో మొదటిది మరుగునబడును. స్పెయిను స్త్రీ పెండ్లియైనను తన యింటిపేరు వదలదు. బిడ్డకు రెండింటిపేర్లుండును: తండ్రి పేరొకటి, తల్లి పేరొకటి. అనాదిగా తండ్రి పేరే ముందు. 1999లో చేసిన శాసనము దంపతు లిరువు రిష్టపడినచో తల్లి పేరును ముందుంచవచ్చు ననెను. 2017 మొదలు తండ్రి పేరునకు సహజముగా గల యగ్రస్థానము తొలగిపోయినది. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. మా అమ్మగారి యింటిపేరు నెవరైన నడిగినచో మా పిల్లలు తెల్లమొగము వేయుదురు! కాని యీ పద్ధతిలో నొక కష్టము గలదు. తల్లిదండ్రు లెవరో తెలియని బిడ్డ కచ్చట ఒకటి కాదు, రెండు గళ్ళు ఖాళీగా నుండును.

అట్టి బిడ్డల కక్కడ పూర్వము "ఎక్స్‌పోసితో" యని పేరు పెట్టుచుండిరి. అది లాటిను మాటనుండి వచ్చినది. బయట పెట్టబడినవాడని యర్థము. స్పెయిను రాజుల యేలుబడిలో చిరకాల ముండిన నేపుల్సు నగరములో నదే "ఎస్పోసితో" యైనది. మిలాను నగరములో ననాథశాల గుర్తు పావురమగుటచే నచ్చటి బిడ్డలు "కొలంబో" లైరి. ఫ్లారెన్సులో పట్టువర్తకుల సంఘమువారు కట్టించిన శాలలో నిర్దోషులను నర్థముతో "ఇన్నొచెంతి" యనిరి. కాతలోనియా ప్రాంతమున "దెవులోఫెవు" అను నొక యరుదైన పేరు గలదు; దేవుడు చేసినవాడని యర్థము. ఈ చివరి రెండును పెట్టినవారి మనసెంత మెత్తనిదో! ఎక్స్‌పోసితో యని పెట్టినవా రట్లు తలపలేదు. పిలిచినప్పుడెల్ల నిన్ను బయట పారవేసిరని జ్ఞాపకము చేయు పేరది.

మద్రీదులో నిట్టి బిడ్డలను 16వ శతాబ్ది యుత్తరార్ధము మొదలు ఒక ధర్మసంఘము పెంచుచుండెను. ఆ యింటికి "ఇన్‌క్లూసా" యని పేరు. హాలెండులోని ఎన్‌ఖైజెను అను ఊరినుండి యొక సైనికుడు తెచ్చిన మేరీమాత చిత్రము నక్కడ నుంచగా, ఆ యూరిపేరు జనుల నోట నలిగి యిట్లైనదని చెప్పుదురు. క్రమముగా స్పానిషు భాషలో ననాథ శిశుగృహమున కెల్ల నదే మాట యైనది.

ఇట్టి యిండ్ల గోడలలో "తొర్నో" యను నొక యమరిక యుండెడిది. నిలువుగా బెట్టిన పీపావంటి కొయ్యతొట్టి. ఒకప్రక్క తెరచి యుండును, ఇరుసుమీద తిరుగును. బయటనుండి బిడ్డను దానిలో పరుండబెట్టి, త్రిప్పి, గంట లాగి పోవుదురు. లోపలి స్త్రీ బిడ్డను దీసికొనును. ఇచ్చినవారి ముఖము పుచ్చుకొన్నవా రెరుగరు. కొందరు తల్లులు బిడ్డ బట్టలలో నొక చీటియో, సగము విరిచిన పతకమో దాచిపోయెడివారు. రెండవ సగము తమకడ నుంచుకొని, ఎన్నడైన దినములు బాగుపడినప్పుడు వచ్చి జతపరచి బిడ్డను దీసికొనిపోవచ్చునని యాశ. ఫ్లారెన్సులోని శాలయం దట్టి సగము పతకములను నేటికిని చూపుదురు. రెండవ సగము రాలేదు గనుకనే గదా అవి యక్కడ మిగిలినవి!

లోపలికి జేరిన బిడ్డ బ్రదుకుట పాలదాదిపై నాధారపడి యుండెను. పట్టణపు శాలలో నొక్కొక్క దాది ముగ్గురు నలుగురికి పాలియ్యవలసి వచ్చెడిది; పల్లెలకు బంపిన బిడ్డలకు జీతము సరిగా నందక దాదులు దొరకకపోయెడివారు. 18వ శతాబ్దిలో మద్రీదు శాలలో జేరినవారిలో సగమునకు మించి శైశవమునందే గతించిరి. పోతపాలు పోసి పెంచిన తల్లులకు దీని యర్థము వేరుగ జెప్ప నక్కరలేదు. మరిగించిన నీరు, కడిగిన గిన్నె యను మాటలే లేని కాలమది.

ఇక లొరెన్సానా సంగతి. ఇది మొదట నొక ఊరిపేరు. స్పెయిను వాయవ్యమున గలీసియా ప్రాంతములో నొకటి, లియోను నగరమునకు దగ్గరలో నొకటి, ఈ పేరు గల యూళ్ళు గలవు. రోమనుల కాలమున లౌరెంతియుసు అనువాని భూమి కావున లౌరెంతియానా. అదే నోట నరిగి లొరెన్సానా యైనది. స్పెయినులో నడిమి యక్షరమును నాలుక పండ్లనడుమ నుంచి "థా" యని పలుకుదురు. మెక్సికోలో "సా" యందురు. లౌరెంతియుసు పేరులో లారెలు చెట్టు వాసన యున్నది. పూర్వము రోమనులు విజయము గొన్నవాని తలపై నా యాకుల దండనే పెట్టుచుండిరి. నేటి యిల్లాండ్రు వానినే చారులో వేయుదురు. గలీసియాలోని యూరిని వారి భాషలో లొరెన్సా యందురు. అచ్చట 10వ శతాబ్దిలో నొక ప్రభువు కట్టించిన మఠము గలదు. ఆ నేలలో బండు పెద్ద తెల్ల చిక్కుడుగింజలకు మన బందరు లడ్డువలె ఊరిపేరునే గుర్తింపు గలదు.

మన యింటిపేర్లలో సగము ఊళ్ళపేర్లే గదా! ఊరు విడిచిపోయినవానికే ఊరిపేరు ఇంటిపేరగును. ఊరిలో నున్నవాని నా పేరుతో నెవరు పిలుతురు? లొరెన్సానాలును అట్లే బయలుదేరినవారు. వారిలో నొకడు ఫ్రాన్సిస్కో ఆంతోనియో దె లొరెన్సానా. 1722లో లియోనులో బుట్టి, మతగురువై, 1766లో మెక్సికోనగరమునకు ఆర్చిబిషప్పుగా వచ్చెను. తరువాత 1772లో స్పెయినునకు మరలి తొలేదోపీఠ మలంకరించి, 1789లో కార్డినలై, 1804లో రోమునగరమున గతించెను.

ఆయన మెక్సికోకు వచ్చిన మరుసటి యేడే, 1767లో, అచ్చట ననాథశిశువుల కొక యిల్లు స్థాపించెను. దానిని జనులు "కాసా దె లా కూనా" యనిరి. కాసా యనగా ఇల్లు. కూనా యనగా ఊయెల. ఊయెలయిల్లు! మన కూనకును వారి కూనాకును వంశసంబంధ మేమియు లేదు. వారిది లాటిను, మనది తెలుగు. అయినను మా చెవికి మాత్ర మా మాట యింటిమాటవలెనే వినబడినది. ఆ యింట జేరిన బిడ్డలకు ఎక్స్‌పోసితో యను పేరు పెట్టక, ఆర్చిబిషప్పు ఇంటిపేరే యిచ్చుచుండిరి. ఆయన దేశము విడిచిన తరువాతను, ఆయన ముఖ మెన్నడు చూడని బిడ్డలకు సయితము ఆ పేరే నడచెను.

ఈయన నుత్తమపురుషునిగా మాత్రమే చిత్రించి విడుచుట మా కిష్టము లేదు. మెక్సికోలోని ఆదిమజాతులవారు తమ భాషలు విడిచి స్పానిషే నేర్వవలెనని 1769లో గట్టిగా లేఖ వ్రాసినవా డీయనయే. మరుసటి యేడు రాజాజ్ఞయు నదే విధముగా వెలువడెను. పేరులేని పసిబిడ్డలకు దన పేరిచ్చిన చేయియే, పేరు గల భాషలను బలుకవద్దనెను. మనుష్యుల గుణము లిట్టి కలగలుపులు.

కూనాయింటి బిడ్డలకు గొప్పయింటి పేరు వచ్చినది గదా, ఇక నవమాన మెక్కడిది యని యడుగవచ్చును. ఇక్కడనే చిక్కు. లొరెన్సానా మెక్సికోలో ముందే విరివిగా నున్న పేరయినచో, బిడ్డ గుంపులో గలిసిపోయెడిది. అది యరుదైన పేరు. కొంతకాలమునకే మెక్సికోలో నొక పేదపిల్ల "నేను లొరెన్సానాను" అన్నచో, విన్నవా రామె ఆర్చిబిషప్పు చుట్టమని కాక కూనాలో పెరిగినదని గ్రహింపసాగిరి. దాచుటకు గప్పిన వస్త్రమే గుర్తుగుడ్డ యైనది. ధర్మము చేయువారు దీనిని కొంచె మాలోచింపవలెను. ఒకే రంగు రవికెలు కుట్టించి యనాథబాలికల కిచ్చి, వీధిలో వారిని దూరమునుండియే గుర్తించునట్లు చేయువా రిప్పుడును లేరా?

ఈ యవమానమును రాజే యాపదలచిన సందర్భ మొకటి గలదు. స్పెయిను రాజు నాలుగవ కార్లోసు 1794లో నొక శాసనము చేసెను. తల్లిదండ్రు లెరుగబడని బిడ్డల నందరిని లోకవ్యవహారములలో సక్రమసంతానముగనే యెంచవలెను. వారిని అక్రమసంతతి యని తిట్టువారిని శిక్షింపవలెను. వారికి బహిరంగముగా కొరడాదెబ్బల వంటి సిగ్గుశిక్షలు విధింపరాదు. దీనికి జెప్పిన కారణ మొకటి వింతగా నున్నది: వారు గొప్ప కుటుంబముల బిడ్డలైయుండవచ్చునట! దయ చూపుటకు సయిత మట్టి నెపము కావలసి వచ్చినది. రెండేండ్లకు వచ్చిన నిబంధనలలో నొకటి మాత్రము మాకు నిండుగా నచ్చినది. రాత్రియైనను పగలైనను బిడ్డ నెత్తుకొని శాలకు బోవుచున్నవారిని రక్షకభటు లాపరాదు, ప్రశ్నింపరాదు. దారిలో నాపబడుదునను భయముచే బిడ్డను జంపుకొను తల్లులుండిరని తెలిసియే యట్లు వ్రాసిరి.

ఆ కాలముననే స్పెయినువారికి మెక్సికోకు చాల ఉత్తరమున క్రొత్త కష్టము వచ్చినది. 1769లో వారు కాలిఫోర్నియాలో సాన్ దియేగో కడ తొలి మఠమును, కోటను నిలిపిరి. సైనికులు వచ్చిరి, సన్యాసులు వచ్చిరి; కాపురములు చేయు కుటుంబములు మాత్రము చాలినన్ని రాలేదు. ఆ దూరపు కొండలకు బిడ్డ నిచ్చు తల్లిదండ్రు లెవరు? అడుగుటకు తల్లిదండ్రులే లేని బిడ్డలు కూనాయింట నుండిరి. 1800లో ఇరువదిమంది వరకు బాలబాలికలను సాన్ బ్లాసు రేవునకు జేర్చి, "కొన్సెప్సియోను" అను నోడ నెక్కించి, ఆగస్టులో మొంతెరే తీరమున దింపిరి. అందరి యింటిపేరును లొరెన్సానాయే. వారిలో ఏడేండ్ల పిల్ల అపోలినారియా.

పెద్దపిల్లలకు వెంటనే పెండ్లిండ్లు చేసిరి. చిన్నవారిని అచ్చటి కుటుంబములకు బంచిపెట్టిరి. డెబ్బది యెనిమిదేండ్ల తరువాత ఆమె యీ సంగతి చెప్పుచు, మమ్ములను కుక్కపిల్లలను పంచినట్లు పంచిరన్నది. ఇన్నేండ్లకు నా పోలిక యామె నోటనుండి పోలేదు.

ఆమెను కార్రిల్యో యను సైనికాధికారి కుటుంబము దీసికొనెను. వారితో నామె మొదట సాంతా బార్బరాకు, తరువాత సాన్ దియేగోకు వచ్చినది. మెక్సికోలోనే చదువుట వచ్చును, వ్రాయుట రాదు. వ్రాత నెవ్వరు నేర్పలేదు. చేతికి వచ్చిన పుస్తకము ముందు బెట్టుకొని, అందలి యక్షరములను జూచి, చుట్టలు చుట్టు కాగితములమీద, ఎవరో పారవైచిన తెల్ల తునకలమీద దిద్దుకొనుచు దానే నేర్చుకొన్నది. ఇది చదువుచు మేము కొంతసేపు పుస్తకము మూసితిమి. మా పుట్టినింట బాలశిక్ష యన్నలకు బోయినది. మేము దిద్దిన యక్షరములు పెండ్లి శుభలేఖల వెనుకవైపున దిద్దినవే. మా తండ్రిగారు భాగవతము చెప్పుచున్నప్పుడు గుమ్మముకడ కూర్చుండి విన్న చదువే మాది.

తాను నేర్చినదానిని అపోలినారియా వెంటనే పంచినది. సాన్ దియేగోలో బాలికలకు జదువు, కుట్టుపని చెప్పినది. యౌవనమున నొక యువకుడు పెండ్లి యడుగగా, ఆ యాశ్రమము మంచిదే గాని తన మనసు దానిపై లేదని పంపివేసినది. తరువాత సాన్ దియేగో మఠమున జేరి అనేక సంవత్సరములు పని చేసినది. స్త్రీల రోగశాల యామె చేతిలో నుండెను. నీవు స్వయముగా చేయ నక్కరలేదు, చేయించిన జాలునని మఠగురువు చెప్పినను, తానే చేసెడిది. రోగులను వేడినీటి బుగ్గలకు గొనిపోయి వారితో నక్కడనే యుండెడిది. సరకుల యోడలు రేవునకు వచ్చినప్పుడు మఠమునకు వలయు వస్తువులు చూచి కొనుటకు ఓడమీదికి బోయినదియు నామెయే. ఆ కాలపు స్త్రీ కిది సామాన్యమైన నమ్మకము కాదు.

ఇక్కడ నొక సంగతి చెప్పక విడువరాదు. ఆ మఠములలో జేర్చబడిన ఆదిమజాతులవారు స్వేచ్ఛగా నున్నవారు కారు. పొలము దున్ని, గొడ్డు కాచి, పారిపోయినచో బట్టి తేబడి, క్రొత్త రోగములతో గుంపులుగుంపులుగా మరణించిరి. సాన్ దియేగో ప్రాంతపు కుమియాయ్ జనులు 1775లో ఆ మఠమును దగ్ధము చేసిరి. అపోలినారియా వారిని బ్రేమించినదని యామె మాటలవలన దెలియును. ఆమె సేవించిన యేర్పాటు మాత్రము వారికి ప్రేమగా దోచినది కాదు. ఊరు పేరు లేక పెరిగిన స్త్రీ, ఊరు పేరు కోల్పోవుచున్నవారికి మందు పోసినది.

ఆమెకు గల్గిన బిడ్డలు లేరు. కాని ఆ దేశపు వాడుకలో బిడ్డకు జలస్నానసంస్కారము చేయునప్పు డొక స్త్రీ ధర్మమాతగా నిలుచును. తల్లి లేనప్పుడు బిడ్డ మంచిచెడ్డ లామెవే. తనకు నూరునుండి యిన్నూరువరకు ధర్మపుత్రు లున్నారని అపోలినారియా చెప్పినది. వెల్లజాతివారును, ఆదిమజాతులవారును అందు గలరు. కన్నవా రెవరో తెలియని బిడ్డకు ఇందరు బిడ్డలు! జనులామెను "లా బెయాతా" యని పిలిచిరి. మన మాటలో పుణ్యాత్మురాలని చెప్పవచ్చును. కాని మరియొక పేరును వాడుకలో నుండెను: "అపోలినారియా లా కూనా" — ఊయెలయింటి అపోలినారియా. అనేక సంవత్సరముల సేవ చూచియు ఊరివారి నోట నా గుర్తు చెరుగలేదు.

1821లో మెక్సికో స్పెయినునుండి విడిపోయెను. మఠముల భూములు చేతులు మారిన కాలమున ఆమెకు హమచా యను పచ్చికబీడు 1840లో ప్రభుత్వమువా రిచ్చిరి. మరి రెండు భూములును ఆమె కుండెను. అంతలో యుద్ధము, 1848లో కాలిఫోర్నియా యమెరికా సంయుక్తరాష్ట్రముల వశమైనది. 1851లో క్రొత్త ప్రభుత్వము, భూమి గలవా రెల్ల తమ హక్కును రుజువుపరచుకొనవలె ననెను. భాష రాని న్యాయస్థానములు, వకీళ్ళ కర్చులు, అప్పులు. ఎందరో పాతకాపు లట్లు నేల గోల్పోయిరి. 1878లో థామసు సావేజి యను నాత డామె భూముల సంగతి యడుగగా, అది పెద్దకథ, దానిని గూర్చి మాటలాడుట తన కిష్టములేదనినది. మిగిలిన మాటలెల్ల విపులముగా జెప్పిన స్త్రీ ఆ యొక్కచోట నోరు మూసికొన్నది.

సావేజి యనునాడు సాన్ ఫ్రాన్సిస్కోలో పుస్తకవ్యాపారియు చరిత్రకారుడునైన బాన్‌క్రాఫ్టు పంపినవాడు. పాతకాలపు సంగతు లెరిగిన వృద్ధులను వెదకి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుట యతని పని. అప్పటికి అపోలినారియా సాంతా బార్బరాలో నొరుల దయమీద గాలము గడుపుచుండెను. ఆ వ్రాతప్రతి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బాన్‌క్రాఫ్టు గ్రంథాలయమున భద్రముగా నున్నది. 2006లో నది మరికొందరు స్త్రీల కథనములతో గూడ ఆంగ్లమున నచ్చు పడినది. హమచా యను పేరు సాన్ దియేగో ప్రాంతమున నేటికిని ఊరిపేరుగా, బాటపేరుగా నున్నది. ఇచ్చిన నేల పోయినను ఇచ్చిన పేరు పోలేదు.

ఆమెతో నోడ దిగినవారిలో కొందరికి సంసారము లేర్పడినవి. మసెదోనియో లొరెన్సానా యనువాడు బ్రాన్సిఫోర్తే యను పల్లెలో, అనగా నేటి సాంతా క్రూసు కడ, కాపురముండి బిడ్డల గన్నాడు. ఇట్లు కాలిఫోర్నియాలో నా పేరు వేరూనినది. మెక్సికోలోను, మధ్య అమెరికాలోను ఆ పేరువారు గలరు. ఫిలిప్పీను దీవులలోను గలరు; అచ్చట చేపలను ఉప్పున నూరవైచి తీయు పులుసునీటి సీసాలపై లొరెన్సానా యని యుండుట వంటయింటివారి కెరుకే.

అయితే పేరును బట్టి వంశము నిర్ణయించువారికి మే మొక హెచ్చరిక చేయవలసియున్నది. ఫిలిప్పీనులలో 1849లో గవర్నరు క్లవేరియా పన్నుల లెక్కకు వీలుగా నుండుటకై సుమారు అరువదివేల పేర్ల పట్టిక యచ్చొత్తించి, ఊరూరికి బంచి, ఇందొకటి యెన్నుకొను డనెను. కాబట్టి యక్కడ స్పానిషు పేరున్నంత మాత్రమున స్పానిషు రక్త మున్నదనరాదు. మెక్సికోలో లొరెన్సానా యన్న మాత్రమున ఆర్చిబిషప్పు వంశమనరాదు. వంశవృక్షములు వ్రాయువారు లియోను ప్రభువులవరకు బోవలెనని బయలుదేరి, కూనాయింటి గోడకడ నాగిపోవుదురు. మా యెరుకలో గోత్రప్రవరలు గడగడ చదువువారికే ముత్తవ్వ పేరు తెలియదు. వారిది మాత్రమేమి వంశవృక్షము?

ఎక్స్‌పోసితో యను పేరు నేమైనదని యడుగువారు గలరు. స్పెయినులో 1957నాటి పౌరపట్టికల శాసనము, ఆ పేరును, దానివలె పుట్టుక తెలియదని చాటు పేర్లను, కోరినవారు మార్చుకొనవచ్చు ననెను. 1978లో రాజ్యాంగమే బిడ్డ లెట్లు పుట్టినను చట్టమునకు సమానులే, తల్లులును వివాహితలైనను కాకున్నను సమానులే యని వ్రాసికొన్నది. అందరు మార్చుకొనలేదు. వేలకొలది కుటుంబములు నేటికి నా పేరునే యుంచుకొన్నవి. అర్జెంటీనాలో నొక తండ్రి కథ మాకు నచ్చినది. బ్వేనోస్ ఐరెసు నగరములోని అనాథశాల 1779లో స్థాపింపబడినది. ఒక అచ్చుయంత్రమును మరుసటి యేడు దెచ్చి, దానిమీది రాబడితో బిడ్డలను బోషించిరి. ఆ నగరపు తొలి ముద్రాక్షరశాల యదియే. అట్టి యింట పెరిగినవాడని చెప్పబడు మాన్యుయెలు ఎక్స్‌పోసితో, మిఠాయియంగడి పెట్టుకొని బ్రదుకుచు, తన కొడుకులకు హొమేరో యనియు వర్జీలియో యనియు పేర్లు పెట్టెను. గ్రీకు రోమను మహాకవుల పేర్లవి. ఆ కొడుకు లిరువురును, ఒకడు పాట వ్రాసి, ఒకడు వరుస కట్టి, ఆ దేశపు టాంగో పాటలలో బ్రసిద్ధులైరి. పాటల పుస్తకములపై నింటిపేరు ఎక్స్‌పోసితో యనియే యుండును.

మా అవ్వ మనుమరా లిప్పుడు నాలుగవ తరగతి. మొన్న మా యింటికి లెక్కలు చెప్పించుకొన వచ్చి, క్రొత్త పుస్తకమునకు అట్ట వేసికొని పేరు వ్రాసికొన్నది. తక్కిన పిల్లలవలె ఇంటిపేరునకు పొడి యక్షరము వేయక, మొత్తము వ్రాసినది. చోటు చాలక తన పేరులోని కడపటి యక్షరము క్రింది వరుసకు దిగినది.